ఎత్తకుండా లేపడం

క్లాసులో ఆడపిల్లలు అతనికి పెట్టిన పేరు కొండ. అందులో ఎగతాళి ఎంతుందో ముద్దూ అంతే ఉంది. తలుపులోంచి రావాలంటే తల వంచాలి. కూర్చునే ముందు ప్రతిసారీ కుర్చీ వైపు అనుమానంగా చూసేవాడు. నలభై దాటిన మనిషి, ఇంట్లో మాత్రం ఇప్పటికీ చిన్నోడే. అన్న ఆ పిలుపు మార్చలేదు, వదిన మార్చనివ్వలేదు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పని. ఇళ్లు మారేవాళ్ల సామాను మోయడం. పిల్లి తన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు జనం ఇళ్లు మారుతూనే ఉంటారు కనుక పనికి కొదవ ఉండేది కాదు. బీరువాలు, ఫ్రిజ్‌లు, ఒకసారి ఎవరిదో చేపల తొట్టి, నీళ్లతో సహా. ఇరుకు మెట్ల మీద బీరువా దించేటప్పుడు బరువంతా కింది వైపు పట్టుకున్నవాడి మీదే పడుతుంది. ఆ చోటు ఎప్పుడూ అన్నదే. తమ్ముడు తనకంటే జానెడు ఎత్తు ఎదిగాక కూడా వదల్లేదు. "నోరు మూసుకుని పై వైపు పట్టుకోరా" అనేవాడు. మోసేటప్పుడు మాటలుండేవి కావు. కింది నుంచి అన్న ఊపిరి వినబడేది, దాన్ని బట్టి తమ్ముడు మలుపు తిరిగేవాడు.

తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ని అన్నే పెంచాడు. కొత్తగా కాపురానికి వచ్చిన వదిన, మొగుడితో పాటు లాగు జారిపోయే మరిదినీ చేతుల్లోకి తీసుకుంది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఈ ఒక్కణ్నీ పెంచేసరికే నా నడుం పడిపోయింది, ఇంకొకళ్లా" అని నవ్వేసేది. చిన్నోడికి సంబంధాలు చూశారు గానీ ఏదీ కుదరలేదు, కుదరనందుకు అతనూ పెద్దగా బాధపడలేదు. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు, ముగ్గురు మనుషులు, పొద్దున లేస్తే పని. అలా గడిచిపోయింది.

ఒకరోజు పొద్దున మూడో అంతస్తు నుంచి చెక్క అల్మరా దించుతుండగా, మెట్ల మధ్యలో అన్న "ఆగు" అన్నాడు. ఆ మాట వంకరగా వచ్చింది. అల్మరా అడ్డంగా ఉండడం వల్ల తమ్ముడికి అన్న ముఖం కనబడలేదు. బరువు ఒక పక్కకు ఒరుగుతోందని మాత్రం చేతులకు తెలిసింది. ఆ క్షణంలో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఇద్దరు మోయాల్సినదాన్ని ఒక్కడే వెనక్కి లాగి, గోడకు ఆనించి, మెట్ల కమ్మీ మీదుగా కిందికి దూకాడు. అన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మూతి ఒక పక్కకు జారింది. ఒళ్లో పడి ఉన్న కుడిచేతి వైపు, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువును చూసినట్టు చూస్తున్నాడు.

డాక్టర్లు పక్షవాతం అన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. కొన్ని వారాలకు మాట కాస్త మొద్దుగానైనా తిరిగి వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు మాత్రం రాలేదు.

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ చిన్నోడు అన్న మంచం వదల్లేదు. అటూ ఇటూ మంచాలవాళ్లు "బాబూ, కాస్త ఇటు" అంటే వెళ్లి, దిండు సర్దడమో, కిందికి జారిన మనిషిని పైకి జరపడమో చేసేవాడు. ఇంటికి పంపించే రోజు ఆ వార్డు నర్సు అతణ్ని పిలిచి, "ఇంత ఓపిక ఉందిగా, ఈ పనే నేర్చుకోరాదూ? మూడు నెలల కోర్సు. పేషెంట్ కేర్ అసిస్టెంట్ అంటారు. పెద్ద చదువు అక్కర్లేదు" అంది. చిన్నోడు నవ్వి ఊరుకున్నాడు. ఈ వయసులో పలకా బలపమూ ఏమిటి.

ఇంటి దగ్గర అన్నను రెండు అంతస్తులూ ఎత్తుకునే ఎక్కించాడు. ఆ రోజు నుంచి అన్న కాళ్లు నేల మీద ఆనింది తక్కువ. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదికి, మళ్లీ మంచం మీదికి, అన్నీ తమ్ముడి చేతుల మీదే. చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపుతో లేపేవాడు. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. "తమ్ముడంటే నువ్వేనయ్యా" అన్నారు. చిన్నోడికి లోపల పొంగు. ఇన్నేళ్లూ కింది వైపు బరువు మోసిన అన్నను ఇప్పుడు తను మోస్తున్నాడు. ఇంతకంటే ఏం కావాలి.

కానీ పనిలోకి వెళ్లాక తెలిసింది, ఇంకొకడితో కలిసి మోయడం అతనివల్ల కాదని. కొత్త జోడీ మంచివాడే, బలమైనవాడే. కానీ అల్మరా అవతలి నుంచి వచ్చే ఊపిరి వేరే మనిషిది. రెండుసార్లు మలుపు దగ్గర అడుగు తప్పింది. మూడోసారి గోడకు కొట్టుకుని ఎవరిదో నిలువుటద్దం పగిలింది. ఆ సాయంత్రం ఆస్పత్రి వైపు నడిచి, ఆ నర్సు చెప్పిన కోర్సు ఎక్కడ నేర్పుతారో కనుక్కున్నాడు.

అది చెప్పుల దుకాణం పైన ఉన్న పొడుగాటి హాలు. ఎప్పుడూ కొత్త రబ్బరు వాసన. రెండు ఆస్పత్రి మంచాలు, కిర్రుమనే చక్రాల కుర్చీ, రక్తపోటు చూసే మిషన్లు, ఒక వాష్‌బేసిన్, దాని పైన చేతులు ఎలా కడుక్కోవాలో చూపే బొమ్మలు. ఒక మంచం మీద రోగికి బదులుగా ప్లాస్టిక్ బొమ్మ పడుకుని ఉండేది. మనిషంత బొమ్మ. వెనకటి బ్యాచ్ వాళ్లెవరో దానికి మావయ్య అని పేరు పెట్టారట, అదే నిలిచిపోయింది. రోజుకు ఎన్నిసార్లు స్నానం చేయించినా, ఎన్నిసార్లు పక్క మార్చినా కిమ్మనని మావయ్య.

పాఠాలు చెప్పే ఆవిడ ఒకప్పుడు పెద్ద ఆస్పత్రిలో హెడ్ నర్సు. పుల్లలా ఉండేది, గొంతు మాత్రం హాలు చివరిదాకా వినబడేది. క్లాసులో చిన్నోడు తప్ప అందరూ ఇరవైలోపు, ఆ పైన ఒకటి రెండేళ్ల ఆడపిల్లలు. వాళ్లలో మరీ సన్నగా, గలగలా మాట్లాడే అమ్మాయిని పిచ్చుక అనేవారు. మొదటి రోజే మేడం కొండనూ పిచ్చుకనూ జోడీ చేసింది. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటే ఇదే" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. చిన్నోడు తల దించుకుని చేతులు కడుక్కోవడం నేర్చుకున్నాడు. ఇన్నేళ్లుగా కడుక్కుంటున్నది కడుక్కోవడం కాదని అప్పుడే తెలిసింది.

రెండో వారంలో రోగిని మంచం మీంచి కుర్చీలోకి మార్చే పాఠం వచ్చింది. ఇద్దరిద్దరు పిల్లలు ఆయాసపడుతూ మావయ్యను అటూ ఇటూ జరుపుతున్నారు. చిన్నోడి వంతు వచ్చింది. ఇది మనకు వెన్నతో పెట్టిన విద్య అనుకున్నాడు. పిచ్చుకను పక్కకు జరగమని, మావయ్య చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపు ఊపాడు. మావయ్య లేచాడు గానీ, కుడిచెయ్యి భుజం దగ్గర ఊడి చిన్నోడి చేతిలోకి వచ్చింది.

"మావయ్య చెయ్యిచ్చాడు కొండన్నా" అంది పిచ్చుక.

హాలు గొల్లుమంది. మేడం నవ్వలేదు. దగ్గరికి వచ్చి, ఊడిన చెయ్యి తీసుకుని, స్థానంలో బిగించింది.

"ఇంట్లో ఎవరినైనా ఇలాగే ఎత్తుతున్నావా?" అని అడిగింది.

"మా అన్నయ్యని, మేడం. పక్షవాతం."

"ఏ వైపు?"

"కుడివైపు."

"భుజం నొప్పి అంటున్నాడా?"

చిన్నోడు మావయ్య భుజం వైపు చూశాడు. అన్న భుజం నొప్పి అంటూనే ఉన్నాడు. జబ్బు నొప్పి అనుకుని రోజూ నూనె రాస్తున్నాడు తను. "అంటున్నాడు" అన్నాడు చిన్నగా.

క్లాసు అయ్యాక మేడం అతణ్ని ఆపి చెప్పింది. జబ్బు పడిన వైపు భుజాన్ని పట్టి ఉంచే కండరాలు సడలిపోతాయి. ఆ చంకలో చెయ్యి వేసి లాగితే కీలు కిందికి జారుతుంది. "నీ తప్పనడం లేదు. నీకు చెప్పినవాళ్లు లేరు, ఇప్పుడు నేను చెప్పాను. రేపే ఆస్పత్రిలో చూపించు. ఇంకొకటి చెప్పు. నువ్వు ఎత్తుతున్నప్పుడు మీ అన్న కాళ్లు ఏం చేస్తుంటాయి?"

"ఏం చెయ్యవు మేడం. వేలాడుతుంటాయి."

"రెండూనా? ఎడమకాలికేం వచ్చింది?"

చిన్నోడు తన ఎడమకాలి వైపు చూసుకున్నాడు.

"బాబూ, నీకు ఎత్తడం ఎవరూ నేర్పక్కర్లేదు" అంది మేడం. "ఎత్తకుండా లేపడం నేర్చుకో. అది కష్టం. నీలాంటివాడికి మరీ కష్టం."

ఆస్పత్రిలో వ్యాయామాలు నేర్పే అతను అన్న భుజం చూసి, ఇంకా చెయ్యి దాటిపోలేదని చెప్పి, ఒక గుడ్డ పట్టీ కట్టాడు. ఎడమకాలు నొక్కి చూశాడు, కుడికాలు తోయమన్నాడు. "బలం వస్తోంది. వాడకపోతే వచ్చిందీ పోతుంది. నిలబడాలి, రోజూ నిలబడాలి" అన్నాడు. అన్న తల ఊపాడు. ఇంటికి వచ్చాక మామూలుగానే ఎడమచెయ్యి చాపి తమ్ముడి కోసం చూశాడు. చిన్నోడు పట్టీ ఉన్న భుజం తప్పించి, నడుం పట్టుకుని ఎత్తేశాడు. ఎత్తకుండా ఉండడం ఎలాగో అతనికి ఇంకా రాలేదు.

అది వచ్చింది ఒక గిన్నెడు జావ వల్ల.

ఆ రోజు పాఠం, తినలేని మనిషికి తినిపించడం. సగం మంది రోగులు, సగం మంది సహాయకులు. రోగుల కుడిచెయ్యి చున్నీతో ఒంటికి కట్టేశారు. చిన్నోడు మంచం మీద, వీపు వెనక రెండు దిళ్లతో కూర్చున్నాడు. మెడ చుట్టూ తువ్వాలు కట్టి, పిచ్చుక గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది. "ఆఁ అను కొండన్నా" అంది. మొదట్లో అతనికీ నవ్వొచ్చింది.

మూడో చెంచాకు నవ్వు పోయింది. ఆ పిల్లకు ఎక్కడ ఒలికిపోతుందోనని కంగారు. నోట్లో ఉన్నది మింగకముందే తరవాతి చెంచా పెదవి దగ్గరికి వచ్చి నిలబడుతోంది. పెదవి కిందికి కారినదాన్ని చంటిపిల్లలకు గీసినట్టు చెంచాతో గీసి మళ్లీ నోట్లో పెడుతోంది. చిన్నోడికి ఒంట్లోంచి కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. పళ్లు బిగించాడు. బిగించిన మరుక్షణం గుర్తొచ్చింది, వదిన అన్నం పెడుతుంటే అన్న ఇలాగే పళ్లు బిగిస్తాడు. మొహం గోడవైపు తిప్పుకుంటాడు. "మొండితనం ఎక్కువైంది" అని ఇద్దరూ విసుక్కుంటారు.

మేడం అటుగా వచ్చింది. "ఎడమచెయ్యి ఖాళీగానే ఉందిగా అతనికి. చెంచా ఆ చేతికియ్యి. నువ్వు మోచేతి కింద చెయ్యి పెట్టి ఊరికే ఉండు" అని పిచ్చుకతో అంది.

చిన్నోడు ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాడు. సగం జావ చొక్కా మీద పడింది. మిగిలిన సగం నోట్లోకి వెళ్లింది. అంతవరకు ఆ జావకు ఉప్పు ఉందో లేదో కూడా తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. మోచేతి కింద ఆ పిల్ల చెయ్యి ఆకంత తేలికగా ఉంది, పడిపోనివ్వనన్నట్టు మాత్రం ఉంది. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కాలిందా అన్నా?" అంది పిచ్చుక భయంగా.

"లేదమ్మా" అన్నాడు. "బాగుంది."

మర్నాడు పొద్దున అన్న ఎప్పటిలా ఎడమచెయ్యి చాపాడు. చిన్నోడు కుర్చీ తెచ్చి మంచానికి ఎడమవైపు ఆనించాడు. అన్న నడుముకు వెడల్పాటి బెల్టు కట్టాడు. జబ్బుపడిన కుడి మోకాలికి తన మోకాలు అడ్డం పెట్టి వంగాడు.

"అన్నయ్యా, ఇవాళ నువ్వే లేస్తావ్. నేనిక్కడే ఉంటా."

అన్న అర్థం కానట్టు చూశాడు. "ఎత్తరా."

"ఎత్తను. కాళ్లు కింద పెట్టు. ముందుకు వంగు. మూడు అనగానే లే."

అన్న వంగలేదు. చాలాసేపు తమ్ముడి మొహంలోకి చూసి, మొద్దుబారిన నాలుకతో ఒక్కో మాటా కూడదీసుకుని అడిగాడు. "బరువైపోయానా?"

ఆ మాటకు చిన్నోడి చేతులు వాటంతట అవే ముందుకు వెళ్లాయి. వెళ్లిన చేతుల్ని వెనక్కి తీసుకుని, నడుం వెనక ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాడు. అన్న మళ్లీ పడుకుని గోడవైపు తిరిగాడు.

వంటింట్లోంచి వదిన అంతా వింటూనే ఉంది. చేతిలో గరిటెతో వచ్చింది. "బాగుందిరా చిన్నోడా. రెండు ముక్కలు చదివేసరికి అన్న బరువయ్యాడన్నమాట. నిన్ను ఈ చేతుల మీద మోశాం, లెక్కలు చూసుకున్నామా?"

"అది కాదు వదినా, ఆయన కాళ్లకు బలం..."

"నాకు పాఠాలు చెప్పకు."

ఆ రోజు మధ్యాహ్నం దాటినా అన్న మంచం దిగలేదు, ముద్ద ముట్టలేదు. సాయంత్రానికి చిన్నోడు ఓడిపోయాడు. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. మర్నాడు మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ ఓడిపోయాడు. ఆ తరవాత అన్న అతనితో మాట్లాడడమే మానేశాడు. ఏం కావాలన్నా వదినతో చెప్పేవాడు, తమ్ముడు ఎదురుగా ఉన్నా సరే. అల్మరాకు చెరో పక్కా మాటల్లేకుండా గడిపిన మనుషులే. కానీ ఆ మౌనం వేరు, ఈ మౌనం వేరు. చిన్నోడి పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. క్లాసులో పిచ్చుక ఎన్ని జోకులు వేసినా నవ్వేవాడు కాదు.

ఆ వారంలోనే ఒకరోజు పాఠం మధ్యలో హాలు తలుపు తోసుకుని వదిన వచ్చింది. రెండు మెట్ల వరసలు ఎక్కి రావడంతో రొప్పుతోంది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇక్కడ పెద్దావిడెవరు?" అంది.

చిన్నోడు బెంచీ కింద దూరే వీలుంటే దూరేవాడే.

"నేనే. కూర్చోండి" అంది మేడం.

"కూర్చోడానికి రాలేదు. మా వాడు బంగారంలాంటివాడు. అన్నంటే ప్రాణం పెట్టేవాడు. మీరేం నేర్పారో గానీ, జబ్బు మనిషిని ముట్టుకోను పొమ్మంటున్నాడు. చదువు చెప్పేవాళ్లు చెప్పే మాటేనా ఇది?"

 మేడం మంచినీళ్లు తెప్పించి ఇచ్చింది. తాగడం అయ్యాక, "అమ్మా, మీరు పెద్ద మనసుతో మా పిల్లలకు ఒక సాయం చెయ్యాలి. ఎంతసేపూ ఆ ప్లాస్టిక్ మనిషితోనే తంటాలు పడుతున్నారు. మీరొకసారి రోగిలా కూర్చుంటారా?" అని అడిగింది.

పోట్లాటకు వచ్చిన మనిషిని సాయం అడిగితే ఏం చేస్తుంది. వదిన బిత్తరపోయి మంచం అంచున కూర్చుంది. కుడిచెయ్యి చున్నీతో కట్టేశారు. కుడికాలు మోపకూడదన్నారు. ముందు ఇద్దరు పిల్లల్ని పిలిచి, చంకల్లో చేతులు వేసి ఎత్తమంది మేడం. వదిన బొద్దు మనిషి. వాళ్లు లాగుతుంటే, "అయ్యో, అయ్యో, పడిపోతున్నా, వదలండమ్మా" అని అరిచింది. మంచం మీద కూలబడ్డాక కూడా గుండె చేత్తో పట్టుకుంది. "ఇలా ఎత్తితే ప్రాణం పోయినట్టుంది" అంది.

తరవాత మేడం పిచ్చుకను పిలిచింది. ఆ పుల్ల లాంటి పిల్లను చూసి వదిన, "ఈ పిల్లా? నా కింద పడితే అప్పడమైపోతుంది" అంది.

పిచ్చుక నవ్వి, బెల్టు కట్టి, ఎదురుగా మోకాళ్లు వంచి నిలబడింది. "అత్తా, ఎడమకాలు కాస్త వెనక్కి పెట్టు. ఎడమచెయ్యి మంచం మీద ఆనించు. నా భుజం మీదుగా ముందుకు వంగు, కింద ఏదో పడితే చూస్తున్నట్టు. కంగారు లేదు. ఊగుదాం. ఒకటి, రెండు, మూడు."

వదిన నిలబడింది. ఒంటికాలి మీద, కాస్త ఊగుతూ. ఆ పిల్ల చేతులు బెల్టు మీద ఉన్నాయి, అంతే. వదిన కిందికి చూసుకుంది, చుట్టూ చూసింది.

"ఎవరు లేపారు నన్ను?"

"మీరే లేచారు" అంది మేడం.

 వదిన అలాగే నిలబడి, బెంచీల మధ్య తల వంచుకుని కూర్చున్న చిన్నోడి వైపు చూసింది. ఆమె మొహంలో కోపం ఎటు పోయిందో పోయింది. "ఇంకోసారి చేయించమ్మా" అంది పిచ్చుకతో. రెండోసారి లేచాక, "మా ఆయన కూడా లేస్తాడంటావా?" అని అడిగింది.

"ఆ సంగతి లేచేవాళ్లు చెప్పాలి అత్తా, నేను చెప్పలేను" అంది పిచ్చుక.

ఇంటికి వెళ్లేటప్పుడు దారంతా వదిన ముందు నడిచింది. ఇంటి మెట్ల దగ్గర మాత్రం ఆగి, "నోరుందిగా, వివరంగా చెప్పొచ్చుగా" అంది.

"చెప్పనిచ్చావా వదినా?"

"అదీ నిజమే" అని మెట్లెక్కింది.

మర్నాడు పొద్దున అన్న ఎడమచెయ్యి చాచినప్పుడు ఎదురుగా నిలబడింది తమ్ముడు కాదు, పెళ్లాం. బెల్టు ఆమే కట్టింది. "కాలు వెనక్కి పెట్టండి. నా భుజం మీదుగా వంగండి" అంది. అన్న అదిరిపడ్డాడు. "నీకేమైనా పిచ్చా?" అన్నాడు. "నిన్న నేను లేచాను. నాకంటే మీరు బరువా?" అంది వదిన. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె బరువు గురించి ఆయన వేసిన ఛలోక్తులన్నిటికీ ఒకేసారి బదులు చెప్పినట్టయింది. అన్న మొహంలో ఒక పక్క, జబ్బు అంటని పక్క, నవ్వు కదిలింది. ఆ నవ్వులోనే వంగాడు. ఒకటి, రెండు, మూడు. పిరుదులు మంచం మీంచి లేచాయి, మళ్లీ కూలబడ్డాయి. రెండోసారీ అంతే. మూడోసారి లేచి నిలబడ్డాడు.

చిన్నోడు ఆయన కుడి పక్కనే, పట్టుకునేంత దగ్గరలో ఉన్నాడు. చేతులు నడుం వెనక కట్టుకుని ఉన్నాడు. అన్న మోకాలు వణికినప్పుడల్లా ఆ చేతులు ఒకదాన్నొకటి నలుపుకున్నాయి. అన్న నిలబడింది కాసేపే. కిటికీలోంచి వీధి కనబడేంత ఎత్తుకు తల లేచింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ కిటికీలోంచి చూడడం అదే మొదలు.

"ఎదురు దుకాణానికి రంగు మార్చారే" అన్నాడు.

ఇన్ని రోజుల తరవాత తమ్ముడితో మాట్లాడిన మొదటి మాట అది. 

"మార్చారన్నయ్యా" అన్నాడు చిన్నోడు. 

అక్కణ్నుంచి అంతా సాఫీగా జరిగిపోయిందని కాదు. కొన్ని రోజులు అన్న నిలబడనని మొండికేశాడు. ఒకసారి తూలి మంచం మీద పడి, ఇద్దర్నీ తిట్టిపోశాడు. ఆ తిట్లలో మాట స్పష్టంగా వస్తోందని వదిన సంతోషించింది. నాలుగు కాళ్ల చేతికర్ర వచ్చింది. మంచానికీ కిటికీకీ మధ్య, తరవాత కిటికీకీ వంటింటికీ మధ్య అడుగులు పడ్డాయి. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. వేళ్లు ముడుచుకునే ఉంటాయి. అన్నం ఎడమచేత్తోనే తింటాడు. ఒలికినది తనే తుడుచుకుంటాడు, ఎవరైనా చెయ్యి పెడితే ఊరుకోడు.

కోర్సు చివర పరీక్ష పెట్టారు. రాత పరీక్ష అంటే చిన్నోడికి చెమటలు పట్టాయి. పిచ్చుక పట్టుబట్టి కూర్చోబెట్టి, నాడి ఎక్కడ చూడాలి, జ్వరం ఎప్పుడు ఎవరికి చెప్పాలి అని అడిగి అడిగి చంపింది. దానికి బదులుగా అతను ఆ పిల్లకు నడుం నొప్పి రాకుండా మోకాళ్ల బలంతో మంచం జరపడం నేర్పాడు. చేసి చూపే పరీక్షలో, మావయ్యను పక్కకు తిప్పే ముందు వంగి, "మావయ్యా, ఇప్పుడు మిమ్మల్ని ఎడమ పక్కకు తిప్పుతున్నాను, సరేనా" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగాడు. పరీక్ష పెట్టేందుకు వచ్చిన డాక్టరు నవ్వు ఆపుకోవడానికి కాగితం అడ్డం పెట్టుకున్నాడు. మేడం మాత్రం తల ఊపింది. కొండ పాసయ్యాడు. గొప్ప మార్కులేం కావు, గట్టెక్కేంత.

అన్నను చేర్చిన ఆస్పత్రిలోనే, పక్షవాతం వచ్చినవాళ్లను మళ్లీ నడిపించే వార్డులో పని దొరికింది. మొదటి రోజే ఒక ముసలాయన అతణ్ని చూసి హడలిపోయాడు. "ఈ మనిషి నన్ను ముట్టుకుంటే ఊరుకోను" అని దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.  చిన్నోడు ఒక పొట్టి స్టూలు తెచ్చుకుని, మంచం కంటే తన తల కిందికి ఉండేలా కూర్చున్నాడు. ముట్టుకోలేదు, బలవంతం చేయలేదు. ఇతర మంచాల పని చూసుకుని మళ్లీ మళ్లీ వచ్చి అదే స్టూలు మీద కూర్చునేవాడు. సాయంత్రం అవుతుండగా ముసలాయన, "నీ చేతులు చల్లగా ఉంటాయా వేడిగానా?" అని అడిగాడు. "వేడిగానే ఉంటాయి తాతా" అన్నాడు చిన్నోడు. "అయితే కాళ్లు కాస్త రుద్దు" అన్నాడు ఆయన. పిచ్చుకకు వేరే ఆస్పత్రిలో, పిల్లల వార్డులో పని దొరికింది. అప్పుడప్పుడూ ఫోను చేసి, "కొండన్నా, ఇక్కడందరూ నా సైజువాళ్లే" అంటుంది.

ఇలా ఒక వానాకాలం గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. వదిన కూరగాయలకు వెళ్లినట్టుంది, సంచి లేదు. మంచం ఖాళీగా ఉంది. స్నానాలగది ఖాళీ, వంటిల్లు ఖాళీ. చేతికర్ర కూడా లేదు. చిన్నోడు వచ్చిన కాళ్లతోనే బయటపడ్డాడు. మెట్లన్నీ వెతుక్కుంటూ, ఎక్కడ పడి ఉన్నాడోనని ప్రతి మలుపులోనూ తొంగి చూస్తూ కిందికి వచ్చాడు. వీధిలో అటూ ఇటూ పరిగెత్తాడు. పక్కింటి ఆవిడ బాల్కనీలోంచి, "మీ అన్నా? ఎదురు సెలూన్‌లో చూడు" అంది.

సెలూన్‌లో అన్న ఎత్తు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ తెల్లగుడ్డ, సగం మొహానికి నురగ. ముడుచుకున్న కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో మంగలికి చూపిస్తున్నాడు. "ఇక్కడ, ఇక్కడ వదిలేశావు. ఇంట్లో మీ అక్క గీస్తే దీనికంటే బాగా గీస్తుంది" అంటున్నాడు. మంగలి, "ఇన్నాళ్లకొచ్చారు, వచ్చీ రాగానే మొదలెట్టారా" అంటున్నాడు.

చిన్నోడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అద్దంలో అన్న అతణ్ని చూశాడు. ఆయాసం చూశాడు, యూనిఫాం చూశాడు, ఎడమకాలికి చెప్పు లేకపోవడం చూశాడు.

"ఏంట్రా అలా పరిగెత్తుకొచ్చావ్?"

"ఏం లేదు" అన్నాడు చిన్నోడు.

"మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది" అన్నాడు అన్న. తరవాత, మంగలికి గడ్డం అప్పగించి, కళ్లు మూసుకుని అన్నాడు, "కూర్చో. నీ జుట్టూ పెరిగింది. నా తరవాత నువ్వే."

చిన్నోడు బెంచీ మీద కూర్చుని, పక్కనున్న పాత పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అది తలకిందులుగా ఉందని మంగలి మాత్రమే గమనించాడు.